ధోబీ పఛాడ్

తాలీంల ఆ పట్టు పేరు చెప్పిననాడు
అందరు నా దిక్కు చూసి నవ్విన్రు.
ధోబీ పఛాడ్.
చాకలి బట్టను బండకేసినట్టు
మనిషిని మట్టికెయ్యడం.
"నీకు నేర్పుడేముందిరా, నీ నెత్తుర్లనే ఉన్నది"
అన్నడు జితేందర్, లంగోటు బిగించుకుంట.
నేను గూడ నవ్విన. నవ్వకుంటె ఏం జేస్త.

నెత్తుర్ల ఏం లేదు.
ఎనిమిది నెలలు వెతికిన, లేదు.

తెల్లారి అయిదింటికి పురానాపూల్ దాటి పోవుడు,
పావడతోని మట్టి తిరగేసుడు.
పసుపు, నూనె, మజ్జిగ తాగిన ఎర్రమట్టి
గోర్ల సందుల ఇరికి
పగటీలి దుకాణంల ఇస్త్రీ చేస్తుంటె గూడ
అంగీల మీదికెల్లి అదే వాసన.
చెయ్యి దొరకబట్టు, లోపలికి తిరుగు, భుజం మీదికి గుంజు.
మూడే ముక్కలు. నోటికొస్తయి,
ఒంటికి రావు.
గుంజితె జితేందర్ గోడ లెక్క నిలవడుతడు,
లేకుంటె నా ఈపు మీద మూట లెక్క వాలుతడు,
ఇద్దరం బొక్కబోర్ల.
ఉస్తాద్ మహఫూజ్ గట్టు మీద కూసొని
బాదం నూరుకుంట ఒక్కటే మాట:
"హాత్ నక్కో రే. కమర్."
నడుము. రోజూ నడుమే.
అది ఏడ పెట్టాల్నో మాత్రం చెప్పడు.
ఆయన మోకాలు పోయి పదేండ్లు,
లేచి చూపియ్యలేడు.

ఆషాఢంల ఒక ఐతారం
జెరమొచ్చి లేచిన మా మేనత్త సత్తెవ్వ
మూటలు మొయ్యనీకి నన్ను దోబీఘాటుకు తోలుకపోయింది.
మలక్‌పేట దవాఖాన దుప్పట్లు, నూట నలభై.
తడిసిన దుప్పటి ఆమె కన్న బరువు.
మొదటిది నేను ఎత్తితె జబ్బలు పట్టుకున్నయి.

ఆమె ఎత్తదు.
అరవై దాటిన మనిషికి ఎత్తే బలం ఎక్కడిది.
ఎడమ మడమ తిప్పుతది.
బట్ట ఇంక నీళ్లల్ల ఉండంగనే
తుంటి దాని కిందికి పోతది.
నీళ్లన్ని కొసకు జారి
ఆ బరువే బట్టను పైకి లేపుతది.
చేతులు ఊకె ఎంబడి పోతయి,
పెండ్లికి పిలవని చుట్టాల లెక్క.

"మల్లొక్కసారి, అత్తా."
"ఏందిరా?"
"గట్లనే. జర మెల్లగ."
"మెల్లగ జేస్తె బట్ట లేవదు."

పదకొండు దుప్పట్లు అయ్యేదాక
ఆమె కాళ్లే చూసుకుంట నిలవడ్డ.
"మూటలు మొయ్యనీకొచ్చినవా,
నా పాదాలు మొక్కనీకొచ్చినవా?"

పన్నెండోదాంట్ల ఇంకొకటి కనవడ్డది.
బండ తాకే ముందు, రెప్పపాటంత,
చెయ్యి ఎనుకకు పట్టుతది.
ఎందుకని అడిగితె మొదలు అర్థం కాలే ఆమెకు,
తానేం చేస్తున్నదో తానే ఒకసారి చేసి చూసుకొని
కొంగుతోని మొఖం తుడుచుకున్నది:
"మనయి కావు గదరా. చిరిగితె మాట వడాలె."

సోమవారం జితేందర్ చెయ్యి దొరికింది.
మడమ తిరిగింది. గుంజలే.
వాని తొంభై కిలోలు ఎటువోయినయో తెల్వదు,
ఈపు మీద ఒక్క గడియ గాలి మాత్రం ఉండె.
పడేముందు చెయ్యి ఇడవలే,
ఎనుకకు పట్టిన.
మట్టి దబ్బుమన్నది.
వాడు పండుకొనే ఆకాశం దిక్కు చూసి
"దెబ్బ తాకలేరా" అన్నడు,
అదేదో తప్పయినట్టు.

బాదం నూరుడు ఆగింది.
"కిస్నే సికాయా?"
"మా మేనత్త" అన్న.
మల్ల నవ్విన్రు. ఉస్తాద్ నవ్వలే,
ఇంకోసారి చూపియ్యమన్నడు.

రాలే.
మూడోసారి, నాలుగోసారి, ఆ వారమంత రాలే.

ఇయ్యాల ఐతారం.
అడగకముందే మూటలు ఎత్తుకున్న.
ఎడమ మడమ సంగతి సరే,
ఆ టైముల కుడి మడమ ఏం చేస్తదో
పోయినవారం చూడనే లేదు.