పైపు పట్టుకున్నోడు

పర్లాకిమిడిలో మా డాబా మీద
యాంటెనా పైపు నా డ్యూటీ.
పాతపట్నం వేపు తిప్పితే చామర్తి గారు,
బరంపురం వేపు తిప్పితే బిభూతి బాబు.
కింద గదిలో పదిహేనుమంది చూసేవారు,
నేను వెంటిలేటర్లోంచి వినేవాణ్ణి.

తప్పు జవాబుకి చామర్తి గారు
గొంతు సవరించుకునేవారు,
పరీక్ష పేపరు వెనక్కిస్తున్నట్టు.
బిభూతి బాబు "హఉ, హఉ" అనేవాడు.
నాకు ఒడియా సగమే వచ్చు,
ఓడినవాడికి మంచినీళ్లు ఇస్తున్నాడని మాత్రం తెలిసేది.

కొమ్ము దువ్వెనలు కోసే డిల్లేసు మాఁవ,
బడి గుమ్మం ఎక్కనోడు,
ఓ గురువారం గంట మోగకముందే
ఏదో నది పేరు చెప్పీసేడు.
గదంతా గొల్లుమంది.
చామర్తి గారు కార్డు తిప్పి
అదే నది పేరు చదివేరు.

ఆ తరవాత పడిన నిశ్శబ్దానికి
సిగ్నలు పోయిందనుకుని
పైపు తిప్పీసేను.
"ఒరే గుంటా!" అని పదిహేను గొంతులు.
మాఁవది మాత్రం వినబళ్లేదు.

మొన్న మా అల్లుడు ఫోన్లో
పాత వీడియో ఒకటి చూపించేడు,
బిభూతి బాబుదట.
మీసం!
నా బిభూతి బాబుకి మీసం లేదు.
ఫోను బల్ల మీద బోర్లించి
మళ్లీ మొదట్నుంచి పెట్టమన్నాను.