బల్ల

సిరొంచ ఆసుపత్రిలో కిటికీ పక్కన నా బల్ల.
దాని మీద మైక్రోస్కోపు, నూనె సీసా,
మరాఠీలో గడులు గీసిన రిజిస్టరు.
ప్రాణహిత గట్టు తన్నిన వారానికి
బల్ల మీద గాజుపలకలు పెరుగుతాయి.

ఇవాళ ముప్పై ఏడోది ఆలం రాజుబాయిది.
కంసాలి పెట్టె తెరిచినట్టు
ఎటు జరిపినా ఉంగరాలే,
నీలపు ఉంగరం, దానికో ఎర్రరాయి.
లెక్క ఆపి తలెత్తి చూశాను.
ఇంత రక్తంతో మనిషి మంచం పట్టి ఉండాలి,
పళ్ళు కటకటలాడాలి.
ఆమె వరండాలో గొడుగు దులుపుతోంది.
"జరమా? నాకేడి జరం!
నాట్లు మిగిలినయి, జల్ది తోలు బిడ్డా."

డాక్టరు ఎడమ పక్కటెముకల కింద వేళ్ళతో తడిమాడు.
నాలుగు వేళ్ళ మందం.
"బల్ల," ఆమే అందించింది,
ఇంట్లో సామాను పేరు చెప్పినట్టు.
అమ్మకూ ఉండేదట.

ఎన్ని వానాకాలాలు కూర్చున్నాయో ఆ బల్ల మీద!
సన్నటి సందు ఒకటి పెట్టి
ప్రతి ఎర్రకణాన్నీ వంగి దూరమంటుంది.
దొంగను దాచుకున్న కణం వంగలేదు,
బిర్రబిగిసి అక్కడే దొరికిపోతుంది.

దొంగ సామాన్యుడా?
దోమ కుట్టిన గంటలోపే కాలేయంలో దూరి
వారం పాటు ఉలకడు, పలకడు.
బయటికొచ్చాక రోజు విడిచి రోజు
ఇల్లు పగలగొట్టి ఇంకో ఇంట్లోకి.
ఒళ్ళు వాడి చొక్కా ఆనవాలు పట్టేసరికి
చొక్కా మార్చేస్తాడు.
వాడి పెట్టెలో అరవై దాకా ఉంటాయంటారు.
రాజుబాయి ఒంటికి ఎన్ని తెలుసో,
ఒక్కొక్కటీ ఒక్కో జ్వరం పోసి కొన్నది.

ఇద్దరు పిల్లలు పోయారామెకు.
ఒకడు మూడో చొక్కా దగ్గర, ఒకతె మొదటిదాని దగ్గరే.

నేనూ ఈ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణే.
నాగపూర్‌లో ఐదేళ్ళు చదివి వచ్చిన తొలి ఆషాఢం
నా పలక మీద ఆమెకున్నవాటిలో పదో వంతు లేవు,
మూడు దుప్పట్ల కింద మంచం ఊగిపోయింది.
ఒళ్ళు మరిచిపోయింది మరి.
పగవాడు వచ్చిపోతుంటేనే
పగ గుర్తుండే జ్ఞాపకం ఇది.

మాత్రలు ఇస్తే పక్కకు నెట్టింది.
"నిన్ను కుట్టిన దోమే రాత్రి మనవణ్ణి కుడుతుంది,
నీ ఒంట్లో చదువు వాడికి రాదు కదా"
అన్నాను, అంతే.
నీళ్ళు కూడా అడగలేదు. మింగేసింది.

గొడుగు విప్పుతూ మళ్ళీ వెనక్కి తిరిగి,
"గీ మందుకు బల్ల కరుగుతదా?"
"మెల్లగా."
"అయితే మల్ల దొంగనెవరు పడతరు?"

జవాబు వెతికే లోపు వానలోకి దిగిపోయింది.
రిజిస్టరులో జ్వరం గడిలో 'లేదు' అని రాశాను.
బల్లకు గడి లేదు.
ముప్పై ఎనిమిదో పలక,
పేరు దగ్గర తడిసింది. ఏడేళ్ళ పిల్లాడిది.