మీరేమవుతారు?

గవరయ్యకీ నాకూ నాలుగేళ్లుగా మాటల్లేవు.
కాలవ గొడవ. వాళ్ల బట్టలుతికిన నీళ్లు
మా గుమ్మం కింద నిలిచేవి.

ఆ వేసవి నెల్లిమర్లలో జూట్‌మిల్లు ఆగింది.
మగ్గాల రొదలో అరిచి అరిచి
మెల్లగా మాటాడ్డం మరిచిపోయిన లైనంతా
గుసగుసల్లోకి దిగింది.
ఎదురింటి దగ్గు అప్పుడు వినపడింది నాకు.

వాకిలికి అడ్డంగా వెదురుబొంగులు కట్టి
వాలంటీరు కుర్రాడు ఎర్రగుడ్డ ముడేసి పోయాడు.
లోపల ఒక్కడే.
కిటికీ రెక్క బెత్తెడు తెరిచుండేది.

మొదటి రాత్రి నేను పలకరించలేదు. అబద్ధమెందుకు,
తలుపేసి, గడియ రెండుసార్లు చూసుకున్నాను.
దగ్గు గడియ కిందనుంచి వచ్చింది.

రెండో రాత్రి అరుగు మీద కూచుని
ఎవరితోనో అన్నట్టు అన్నాను:
"సంపావతిలో నీల్లే లేవంట. ఉత్త ఇసకే."
అవతల చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత,
"ఊఁ."

నాకు కథలు రావు. ఉన్నవే చెప్పాను:
రేషన్లో పురుగుల బియ్యం,
ఫోన్లో పడి చెడిన మా గుంటడి చదువు,
స్పిన్నింగులో బెల్టు తెగి ఆయన చెవి పోయిన రోజు.
"ఏ సెవి?" అనడిగాను.
"ఎడంది."
నాలుగేళ్లకి తొలి మాట, ఎడంది.
మర్నాటి నుంచి కుడిచెవి వైపుకి జరిగి కూచున్నాను.

అవతల ఊఁ కొడుతున్నంతసేపూ
చెప్పేవాళ్లు లేచి పోకూడదు.
చిన్నప్పుడు మా అప్ప ఎందుకు పోలేదో
ఇప్పుడు తెలిసింది.

ఆరో రాత్రి ఊఁ రాలేదు.
అదే మాట మళ్లీ చెప్పాను, గట్టిగా,
మగ్గాలన్నీ నడుస్తున్నట్టు.
రాలేదు.
గుంటడు గుమ్మంలో నిలబడి
"అమ్మా, మనకొచ్చేస్తాది" అన్నాడు.
వాడిదీ నిజమే. ఆ నిజాన్ని దాటేటప్పుడు
కాళ్లు వణికాయి.
మాస్కు కిందకి లాగి
ఎర్రగుడ్డ ముడి పళ్లతో విప్పాను.

నూట ఎనిమిదిలో అమ్మాయి అడిగింది:
"పేషెంటుకి మీరేమవుతారు?"
ఏమీ కాను.
"ఎదురిల్లు."
"అది కాదండీ, ఏమవుతారు?"
"ఇప్పుడే అవుతున్నాను. రాసుకోమ్మా, బండి పంపు."

పంతొమ్మిదో రోజు విజయనగరం నుంచి ఆటోలో దిగాడు, సగమై.
చెయ్యెత్తలేదు. నవ్వలేదు.

కాలవ సంగతి ఇప్పటికీ తేలలేదు.
నిన్న పొద్దున్న కూడా దెబ్బలాడుకున్నాం,
లైనంతా బయటికొచ్చేలా.
ఆయనకి కుడివైపు నిలబడి తిట్టాను.