మనం అన్నాను

హలసూరు పాలీక్లినిక్‌లో
షుగరు మాత్రల కోసం కూర్చున్నాం.
నా టోకెన్ నలభై ఒకటి. పిలుస్తున్నది పదిహేడు.

గోడ మీది టీవీకి గొంతు లేదు.
ఎవరిదో సైన్యం, ఎవరిదో దేశంలోంచి లేచి పోతోంది.
విమానం రెక్క కింద జనం పరుగెడుతున్నారు,
ఒకాయన చంకలో ఇస్త్రీపెట్టె.

అంతే,
మా బెంచీకి ముప్పై ఏళ్ల నాటి జ్వరం తిరగబెట్టింది.

"తప్పంతా ఢిల్లీది" అన్నాడు సుబేదార్ చెంగల్రాయులు
మోకాలి పట్టీ సర్దుకుంటూ.
"పొమ్మన్నప్పుడు మ్యాపు లేదు, రమ్మన్నప్పుడు టైము లేదు."
కర్నల్ పూణచ్చ గారు పేపరు దించకుండానే
"ఆర్డరు సరైనదే. అమలే చెడింది" అన్నారు.
"అమలంటే మేమే కదా సార్" అని నవ్వాడు దేవసహాయం.
ఆ రెండున్నరేళ్లూ జీతాల రిజిస్టరు రాసింది ఆయన,
కొన్ని పేర్ల మీద ఎర్రసిరా గీత కొట్టిందీ ఆయనే.

మద్రాసు రేవులో దండలు వేశారని ఒకడు,
దండలా పాడా, నిమ్మకాయ నీళ్లు కూడా లేవని ఇంకొకడు.
"ఇంతకీ గెలిచామా?"
"ఓడలేదు."
"ఓడెక్కాం."
చెంగల్రాయులు ఈ ముక్క ఏడాదికి నాలుగుసార్లు అంటాడు.
నాలుగుసార్లూ నవ్వుతాం.

నన్నెవరూ అడగలేదు.
నాది నగరి. ఇంట్లో తెలుగు, సంతలో అరవం.
అందుకే మందుపాతరలు తవ్వే పనితోపాటు
నోటి పని కూడా నాకే పడింది.
కెప్టెన్ ఇంగ్లీషులో అన్నది
ఊరివాళ్లకి వాళ్ల మాటలో చెప్పాలి.
ఆ వారం చెప్పమన్నది ఇది:
సైన్యం ఉన్నంతవరకూ మీకు భయం లేదు.
నేను చెప్పింది:
మనం ఉన్నాం కదా.

వాళ్లకీ మనకున్నట్టే రెండున్నాయి.
ఎదుటివాణ్ణి లోపలికి పిలిచేది ఒకటి,
గడప అవతలే నిలబెట్టేది ఇంకోటి.
కలుపుకొమ్మని నాకెవరూ ఆర్డరివ్వలేదు.
నోటికి అదొచ్చింది.

తవరాసా అని, మా నీళ్ల డ్రమ్ములు నింపే కుర్రాడు
ఎక్కడెక్కడ పాతారో వేలితో చూపేవాడు,
ఆ వేలి వెనకే మా బూట్లు.
నా మాటకి తలూపాడు.
వాళ్లమ్మ సాయంత్రం మూడు కొబ్బరికాయలు పంపింది.

పదకొండో రోజు ఓడ తాళ్లు విప్పుతుంటే
జెట్టీ మీద సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.
అరవలేదు. చెయ్యూపలేదు.
బెల్లు ఒక్కసారి మోగించాడు,
దారికి అడ్డొచ్చినవాణ్ణి తప్పుకోమన్నట్టు.

తర్వాత వాడేమయ్యాడో తెలీదు.
తెలుసుకోకుండా ఉండడానికి నేను పడ్డ పాట్లు తెలుసు.
ఆ ద్వీపం వార్త వస్తే పేపరు మడిచేవాణ్ణి,
రామమూర్తినగర్‌లో ఒక కొట్టువాడు ఆ యాసలో మాట్లాడితే
పాలు కూడా తీసుకోకుండా వచ్చేశాను.

బెంచీ మీద ఇంకా తేలలేదు.
మంత్రులా, జనరళ్లా, సంతకాలు పెట్టినవాళ్లా.
అందరూ "వచ్చేశాం" అనే అంటున్నారు.
ఆ మాట తోకలో మనం ఉందో, మేం ఉందో
బయటికి కనబడదు.
తెలుగులో ఎంత వెసులుబాటో!

పూణచ్చ గారు పేపరు మడిచి
కళ్లజోడు పెట్టెలో పెడుతూ
"ఏదైనా గానీ, మనం చేయగలిగింది చేశాం" అన్నారు.
ఆయన తెలుగు చిత్తూరు జవాన్ల దగ్గర నేర్చుకున్నది.
మనం అంటే ఎవరెవరు సార్,
అని అడుగుదామని లేచాను.
నిజంగానే లేచాను.

"నలవత్తొందు!"

టీవీలో ఇప్పుడు సబ్బు ప్రకటన.
"ఇల్లి సైన్ మాడి" అంది కిటికీలో అమ్మాయి.
దేనికని అడక్కుండా పెట్టాను.
అక్షరం వంకర పోయింది.
"షుగరా, బీపీనా?"
రెండూ, అన్నాను.