గీత దాకా

ఏప్రిల్ రెండోవారం. మా హీయుమా దీవిలో
మంచు ఇంకా జూనిపర్ పొదల నీడల్లో నక్కి ఉంది.
నా సైకిల్ చప్పుడు వినగానే
మైము లోపల్నుంచే కేకేస్తుంది:
"తలుపు తోసుకుని రా నర్సమ్మా, చేతులు ఖాళీ లేవు."

మోచేతుల దాకా పచ్చన.
బల్ల అంచుకి బిగించిన ఇనప కీమా యంత్రం.
ఎండెల్ బతికున్నన్నాళ్ళూ పందిమాంసం నమిలిందది.
ఇప్పుడు దాని నోట్లో
తొడుగుల్లేని చేతుల్తో కోసిన నొగెస్ చిగుళ్ళు,
పిలవని పేరంటంలా గోడవార దిగబడే నాట్ ఆకు,
పూత రాకముందే కుదుళ్ళతో పెకలించిన
వెన్నపువ్వు మొక్కలు.

పిడి తిప్పితే యంత్రం మూలుగుతుంది.
పిప్పినంతా పాత దిండు గలీబులో మూటగట్టి
దుప్పటి పిండినట్టు మెలిపెడుతుంది.
చుక్క.
చుక్క.
ఆపైన ధార. నాచు రంగు,
వానకి తడిసిన ఇనుము వాసన.

"కుట్టదా ఆ ఆకు?" మొదటి ఏడు అడిగాను.
"భయపడుతూ పట్టుకుంటేనే కుడుతుంది" అంది.
కాసేపాగి చాటుగా మణికట్టు గోక్కోవడం చూశాను.

ఇవాళ నా సంచిలో ఒక కాగితం ఉంది.
ఆవిడ గుండె తాళం తప్పుతోందని
డాక్టరు రాసిన మాత్ర నెత్తుటిని గడ్డకట్టనివ్వదు.
ఈ పసరేమో దాని పని చెడగొడుతుంది.
ఒకటి ఇటు లాగుతుంది, ఒకటి అటు,
నడుమ ఎనభైమూడేళ్ళ మనిషి.
మార్చి దాకా కుదురుగా ఉన్న అంకె
ఈ వారం జారిపోయింది.

చెప్పాను. పిడి ఆగలేదు.
"యుద్ధమయ్యాక ఆకలి వసంతంలో
మా అమ్మ ఇదే పోసి ఐదుగుర్ని నిలబెట్టింది.
మీ మాత్ర అప్పుడెక్కడుంది?"

నా దగ్గర జవాబు లేదు, అంకె ఉంది.
పిడి రెండు చుట్లు తిరిగింది.
"నలుగుర్ని" అంది.
"చిన్నాడు కోరింతదగ్గుతో పోయాడు. వాడు తాగలేదు,
చేదని ఉమ్మేసేవాడు."
యంత్రం ఆగింది.

తర్వాత పావుగంట బేరం.
చేపల రేవులో కూడా ఇంత గీచిగీచి ఆడరు.
డాక్టర్ని అడిగొచ్చేదాకా అసలొద్దన్నాను.
ఆయన ఒప్పుకుంటే రోజూ ఒకటే కొలత,
ఎక్కువా కాదు, తక్కువా కాదు.
అలమరలోంచి వేలెడు గ్లాసు తీసింది,
ఎండెల్ వోడ్కా కొలుచుకున్నది.
గోటితో గీత గీసి చూపింది: "ఇక్కడికి."
మళ్ళీ తనే నవ్వింది:
"ఎండ కాస్తే ఆకు చిక్కన, వాన పడితే పలచన.
వసంతం గ్లాసు చూసుకుని వస్తుందటే?"
నిజమే. నా కాగితంలో ఆ గడి లేదు.

కూజా నిండా రసం మిగిలింది.
పారబోయడమన్నది ఆ ఇంటికి తెలీదు.
కప్పు నా ముందుకి జరిపింది:
"నీకు మాత్రల్లేవుగా. తాగు. చూస్తాను."

నాలుక ముడుచుకుపోయింది.
గడ్డి, మట్టి, చివర్న ఎక్కడో కాస్త తీపి.
నా ప్రతి గుటకకీ
ఎదురుగా ఆవిడ గొంతు కదిలింది.