మూడు కిలోల తరుగు

కథ ఇంతే:
ఐకేపీ కాడ బస్తాకు మూడు కిలోలు కోస్తున్నరని
ఒక రైతు కడుపు మండి
బామ్మర్దిని గోనెసంచిల కుట్టి కాటా మీద పెడ్తడు.
పద్నాలుగు నిమిషాలు.
పేరు, బామ్మర్ది బస్తా.

జానకిరాములు ఈ ముచ్చట చెప్పినప్పుడు
నిడమనూరు స్టేజీ కాడ చాయ్ తాగుతున్నం.
నా ముక్కులకెల్లి చాయొచ్చింది.
గదే నా ఇంటర్వ్యూ.
"సౌండు నువ్వు పట్టు" అన్నడు.

మైకు పదహారు వందలది.
దాన్ని కట్టనీకి బూజుకర్ర మా చిన్నమ్మ ఇచ్చింది,
దీపాలు పెట్టేయాల్లకు తిరిగి తేవాలె అని.
కెమెరా ఇంతియాజ్‌ది, పెండ్లిళ్లది.
దానికి అలవాటు పోలే,
వడ్లకుప్పను గూడ
పెండ్లిపిల్ల లెక్క తెల్లగ జేస్తది.

సంచిల దూరేటోడు దొరకాలె గదా.
టైలర్ ఉప్పలయ్య, నలభై మూడు కిలోలు,
బట్టల తోని.
"ఊపిరాడ్తదా?"
"నువ్వే కుట్టుకో, ఎంత సందు గావాల్నో పెట్టుకో" అన్నం.
తన సంచి తనే కుట్టుకున్నడు.
కాజాలు గూడ పెట్టిండు.

రైతు వేషం మట్టయ్యది, అసలు హమాలీ.
లారీకీ లారీకీ నడుమ వచ్చేటోడు,
డైలాగు మరిస్తే భుజం గోక్కునేటోడు.
గోక్కునుడే మంచిగున్నదని ఉంచినం.

మూడో దినం.
గుమాస్తా తేమ మిషన్ ముల్లు బస్తాల గుచ్చుతడు.
లోపల కల్లు తాగిన బామ్మర్ది.
"తేమ ముప్పై నాలుగు. ఆరబోసుకొని రాపో."
గంతే, నాకు ఆగలే.
మొదటి టేకు చెడగొట్టిన. రెండోది. ఆరోది.
నోట్ల తువ్వాల కుక్కుకున్న, భుజం కదిలి కర్ర ఊగింది.
సంచిలకెల్లి ఉప్పలయ్య:
"అన్నా, వాన్ని ఇంటికి తోలుండ్రి,
నాకు కాళ్లు తిమ్మిర్లెక్కినయ్."
ఏడోదాంట్ల గూడ నవ్విన.
బ్యాటరీ అయిపోయింది.
జానకిరాములు నా దిక్కు చూడలే.

మొదటాట గా కల్లంలనే.
తెర, పోయిన ఎలక్షన్ల ఫ్లెక్సీ, తిరగేసి కట్టినం.
వెనుకకెల్లి లారీ వచ్చినప్పుడల్లా
లైట్లకు లీడరు లేచొచ్చి
మా సినిమాకు దండం పెట్టేటోడు.

వచ్చినోళ్లు హమాలీలు,
టోకెను కోసం పది దినాలుగ
కుప్పల మీద పండుకుంటున్న రైతులు,
ఎనుక వరుసల అసలు గుమాస్తా.

నవ్వుతరనుకున్న కాడ దగ్గిండ్రు.
ఉప్పలయ్యను సంచిల కుడుతుంటే
ఒక ముసలామె "పానం పోతది పిల్లగానికి" అన్నది.
మూడు కిలోలు అన్న మాటకు
చీకట్లకెల్లి ఎవరో
"నాలుగు" అని సరిచేసిండు.
జానకిరాములు గోర్లు కొరుకుతున్నడు.
నా కడుపుల ఎవరో
తూకపురాళ్లు ఒక్కొక్కటే పెడుతున్నరు.

ముల్లు గుచ్చిండు. ముప్పై నాలుగు.
సప్పుడు లేదు.
అప్పుడు స్పీకర్లకెల్లి
నా నవ్వు.
ఏడో టేకుది. తువ్వాల్ల ఇరికి
సైకిల్ ట్యూబు లీకయినట్టు.
వేరేది లేక ఉంచిండో, కావాలని ఉంచిండో
ఇప్పటికీ చెప్పడు వాడు.

"ఎవడురా గాడు?"
"బస్తాల ఇంకొకడున్నట్టున్నడే!"

ఇగ పట్టుకున్నది.
కుప్ప మీద కూసున్న వరుస వరుస
వడ్లతోని సహా కిందికి జారింది.
ముసలామె కొంగు నోట్లె పెట్టుకున్నది.
గుమాస్తా గూడ నవ్విండు,
అటిటు చూసిండు,
ఫోనొచ్చినట్టు బయటికి పోయిండు.
మిగిలిన ఐదు నిమిషాలల్ల
నేను కర్ర పట్టి తెచ్చిన మాట
ఒక్కటి గూడ ఎవ్వలికి వినవడలే.

మట్టయ్య అంతా అయినంక వచ్చిండు,
మెడ నిండ ఊక.
"అయిపాయెనా?"
"నీ కోసం మళ్ల ఏస్తమే."
"ఏద్దురు గని,
మూడు వందలన్నరు, రెండు వందల తొంభై ఇచ్చిండ్రు.
తరుగా?"
జానకిరాములు జేబులు దులిపిండు.
నా పిడికిట్ల పది ఉన్నది, ఆట మొదలైనకాన్నుంచి.
ఇచ్చిన.

మట్టయ్య నోటును తెర వెలుగుకు పట్టి చూసిండు,
బొటనవేలితోని ఒత్తిండు.
"తేమున్నది పిల్లగా" అన్నడు,
"ఆరబెట్టి తీస్కరాపో"
అని నా చేతులనే పెట్టిండు.