పక్కవాడి పది

కుయోపియో ఊరి చివర, మంచు మోస్తున్న రేకుల షెడ్డు.
నలభై ఏళ్ళు బేకరీలో పిండి పిసికిన చేతులతో
తూయిరె అరువు రైఫిల్ పట్టింది.

"ఊపిరి సగం వదిలి ఆపు.
వేలికి నీ తొందర తెలియనివ్వకు" అన్నాడు ఐమో.
గుండె వింటేనా!
అది కొట్టుకున్నప్పుడల్లా
నల్లచుక్క ఎగిరెగిరి పడింది.

పది గుళ్ళు. కాగితాలు వచ్చాయి.
ఆమెదాంట్లో తొమ్మిదే చిల్లులు, ఒలికిన ఆవాల్లా.
పక్కన సులో కాగితంలో పదకొండు,
ఆ అదనపుది సరిగ్గా నడిబొడ్డున.

"ముప్పై ఏళ్ళలో నేనింత బాగా కొట్టలేదమ్మా,
ఇది నీదే"
కత్తెర అడిగి ఆ ముక్క కత్తిరించి ఇచ్చాడు సులో.
షెడ్డంతా నవ్వు. కళ్ళద్దాలకి కాఫీ ఆవిరి.

ఆఖరి స్థానం ఆమెదే.
వచ్చే గురువారం
దాల్చినచెక్క బన్నులు తెమ్మన్నారు,
తూటాలు వాళ్ళవట.